4294967297: ప్రధానంలా కనిపించే సంఖ్య

4294967297. ముందు దీన్ని ఒకసారి తెలుగులో పైకి చదవండి. నాలుగువందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండువందల తొంభై ఏడు. చదివేసరికి ఊపిరి అయిపోతుంది. ఇప్పుడు ప్రశ్న: ఇది ప్రధాన సంఖ్యా, కాదా?

స్కూల్లో నేర్చుకున్న సూత్రాలన్నీ వాడి చూద్దాం. చివరి అంకె 7 కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 59, కాబట్టి 3 కూడా పోయింది. 7తో భాగిస్తే 5 మిగులుతుంది, 11తో భాగించినా 5 మిగులుతుంది, 13తో అయితే 10. ఇలా ఎంత దూరం వెళ్ళాలి? దీని వర్గమూలం 65536కి ఒక్క వెంట్రుకవాసి పైన ఉంటుంది. అక్కడి దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 6542. అంటే "ఇది ప్రధానమే" అని ఈ పద్ధతిలో ఒట్టేసి చెప్పాలంటే 6542 భాగహారాలు చేయాలి. కాగితం మీద చేసేవాడికి అది ఒక సెమిస్టర్ పని.

65536 అనగానే మన సీఎస్‌ఈ వాళ్ళకి చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి. అవును, ఇది 2³² కన్నా ఒకటి ఎక్కువ. 32 బిట్ల అన్‌సైన్డ్ ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 4294967295. మన సంఖ్యకి 33 బిట్లు కావాలి, అందులో మొదటిదీ చివరిదీ 1లు, మధ్యలో అన్నీ సున్నాలు. తెలియక సీలో దీన్ని అన్‌సైన్డ్ ఇంట్‌లో వేస్తే పై బిట్టు రాలిపోయి మిగిలేది 1. మీ ప్రోగ్రామ్ నిజాయితీగా పనిచేసి "ప్రధానం కాదు" అని ప్రింట్ చేస్తుంది. సమాధానం కరెక్టే, కానీ మీరడిగిన సంఖ్య గురించి కాదు! లాంగ్ లాంగ్ వాడండి.

సాహితీ క్లబ్ పత్రికలో లెక్కలేంటి అనేవాళ్ళకి ఇక్కడే జవాబు చెప్పేస్తాను. ఈ 2³² మన ఛందస్సులో ఎప్పటి నుంచో ఉంది. అనుష్టుప్ శ్లోకానికి పాదానికి 8 చొప్పున 32 అక్షరాలు. నియమాలన్నీ పక్కన పెట్టి, ప్రతి అక్షరం గురువో లఘువో ఏదో ఒకటి అనుకుంటే ఎన్ని అమరికలు వస్తాయి? 2³², అంటే 4294967296. వాటన్నిటినీ వరుసగా రాయడాన్నే ప్రస్తారం అంటారు. మొదటి వరుస అన్నీ గురువులు, ఆఖరి వరుస అన్నీ లఘువులు. మన సంఖ్య ఆ జాబితాలో చోటు దొరకని మొట్టమొదటి సంఖ్య.

ప్రస్తారంలో ఒక వృత్తం ఎన్నో వరుసలో ఉందో చెప్పే లెక్కని ఉద్దిష్టం అంటారు. అది అచ్చంగా బైనరీయే. మొదటి అక్షరానికి విలువ 1, రెండోదానికి 2, మూడోదానికి 4, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయి, లఘువులు ఉన్న చోట్ల విలువలు కూడి, చివర 1 కలపాలి. ఉత్పలమాలతో చేసి చూడండి. భ ర న భ భ ర వ, మొత్తం 20 అక్షరాలు. లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో ఉంటాయి. విలువలు కూడితే 355798, ఒకటి కలిపితే 355799. అంటే 20 అక్షరాల పాదానికి ఉన్న 1048576 అమరికల్లో ఉత్పలమాలది 355799వ చోటు. పద్యం నోటికి వచ్చినవాళ్ళంతా ఒక ఆరంకెల బైనరీ అడ్రస్ కూడా నోట్లో పెట్టుకు తిరుగుతున్నారన్నమాట.

ఇంకో ముక్క. 2ని 32సార్లు గుణించకుండా 2³² కనుక్కునే ఉపాయం పింగళుడి ఛందఃశాస్త్రంలో ఉంది. సంఖ్య సరి అయితే సగం చెయ్, బేసి అయితే ఒకటి తీసెయ్, సున్నా వచ్చేదాకా ఇలా దిగు. తర్వాత వెనక్కి ఎక్కుతూ, ఒకటి తీసిన చోట రెట్టింపు చెయ్, సగం చేసిన చోట వర్గం చెయ్. 32 అయితే ఐదుసార్లు సగం చేస్తే 1, దాంట్లోంచి ఒకటి తీస్తే 0. వెనక్కి వస్తే 2, 4, 16, 256, 65536, 4294967296. ఐదే వర్గాలు. అల్గారిథమ్స్ క్లాసులో ఫాస్ట్ ఎక్స్‌పొనెన్షియేషన్ అని చెప్పేది ఇదే. ఈ మెట్లు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని ఉంది.

ఫెర్మా నమ్మకం

ఈ సంఖ్యకి పేరు తెచ్చినాయన పియర్ ద ఫెర్మా. ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో న్యాయస్థానంలో ఉద్యోగం, తీరిక వేళల్లో గణితం. ఆయన చూసిన వరుస ఇది: 2¹+1 = 3, 2²+1 = 5, 2⁴+1 = 17, 2⁸+1 = 257, 2¹⁶+1 = 65537. ఐదూ ప్రధానాలే. ఘాతం ప్రతిసారీ 2 ఘాతమే ఎందుకు కావాలంటే, ఘాతంలో ఏదైనా బేసి కారణాంకం (1 కాకుండా) ఉంటే సంఖ్య వెంటనే విరిగిపోతుంది. 2⁶+1 చూడండి, 6లో 3 ఉంది కాబట్టి ఇది 4³+1, దాన్ని 4+1 కచ్చితంగా భాగిస్తుంది: 65 = 5×13. అంటే విరిగే కేసులన్నీ తీసేశాక మిగిలినవి ఇవే. మొదటి ఐదూ పాసయ్యాయి. తర్వాతది 2³²+1, మన సంఖ్య. ఇవన్నీ ప్రధానాలే అయి ఉంటాయని 1640లో ఆయన తోటి గణితజ్ఞుడు ఫ్రెనికల్‌కి ఉత్తరం రాశారు. రుజువు మాత్రం తన దగ్గర లేదనీ ఒప్పుకున్నారు.

నమ్మకం సుమారు తొంభై ఏళ్ళు అలాగే నిలిచింది. 1729 డిసెంబర్‌లో గోల్డ్‌బాక్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్‌కి రాసిన ఉత్తరం చివర ఈ ఫెర్మా మాట నీకు తెలుసా అని అడిగారు. ఆయిలర్‌కి అప్పుడు 22 ఏళ్ళు. మొదట పెద్దగా పట్టించుకోలేదు. 1732లో మాత్రం తేల్చి చెప్పేశారు: 4294967297ని 641 భాగిస్తుంది.

4294967297 = 641 × 6700417.

నాకు ఈ కథలో నచ్చేది ఆ 641 చిన్నతనం. 641 అంటే 116వ ప్రధాన సంఖ్య. ఏ తెలివీ వాడకుండా 2, 3, 5, 7 అంటూ భాగించుకుంటూ పోయినా 116వ ప్రయత్నంలో దొరికేది. 6542లో 116 ఎంత? కానీ తెలివి వాడితే 116 కూడా అక్కర్లేదు. ఐదు చాలు. ఆ తెలివి ఎవరిదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

641 దాక్కున్న చోటు

ప అనే ప్రధాన సంఖ్య మన సంఖ్యని భాగిస్తుంది అనుకుందాం. ఇప్పుడు 2ని మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ ప తో భాగించి శేషం ఒక్కటే దగ్గర పెట్టుకుందాం. ఎక్కడో ఒకచోట శేషం 1 వస్తుంది, అక్కడి నుంచి మళ్ళీ మొదటి వరుసే తిరుగుతుంది. గోడ గడియారంలా అన్నమాట. ఈ చక్రం ఎన్ని మెట్లకి ఒకసారి తిరుగుతుందో ఆ పొడవు ఎప్పుడూ ప−1ని కచ్చితంగా భాగిస్తుంది. ఇదే ఫెర్మా చిన్న సిద్ధాంతం.

ప మన సంఖ్యని భాగిస్తే 2³²+1 శేషం 0, అంటే 32వ మెట్టులో శేషం −1. దాన్ని వర్గం చేస్తే 64వ మెట్టులో శేషం 1. కాబట్టి చక్రం పొడవు 64ని భాగించాలి: 1, 2, 4, 8, 16, 32, 64లో ఏదో ఒకటి. 32 గానీ అంతకన్నా చిన్నది గానీ అయితే 32వ మెట్టులోనే 1 వచ్చి ఉండాలి. రాలేదు, −1 వచ్చింది. ఇక మిగిలింది 64 ఒక్కటే. అంటే ప−1ని 64 భాగించాలి. ప ఎప్పుడూ 64కి ఏదో ఒక గుణిజం, దానికి ఒకటి ఎక్కువ.

ఇప్పుడు వరుసగా రాయండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధానం కానివి కొట్టేస్తే 193, 257, 449, 577, 641 మిగులుతాయి. ఐదో ప్రయత్నం, అయిపోయింది. ఈ దారి ఆయిలర్ తర్వాతి ఏళ్ళలో వివరంగా రాశారు. 1878లో ల్యూకాస్ ఇంకో మెట్టు ఎక్కి, 64 కాదు 128 గుణిజాలకి ఒకటి ఎక్కువగా ఉండాలని చూపించారు. ప ని 8తో భాగిస్తే శేషం 1 కాబట్టి, వర్గం చేస్తే 2 శేషంగా వచ్చే సంఖ్య ఒకటి ఉంటుంది. దాని చక్రం 2 చక్రానికి రెట్టింపు, 128. అప్పుడు మిగిలేవి 257, 641 మాత్రమే. 257 ఫెర్మా వరుసలోనే ముందు వచ్చిన సంఖ్య, అది దీన్ని భాగించలేదు (ఎందుకో కింద వస్తుంది). అంటే మొట్టమొదటి అసలైన ప్రయత్నమే 641.

అసలు ఆశ్చర్యం ఇది. చిన్న సిద్ధాంతం ఫెర్మాదే. దాన్ని ఆయన రాసిందీ అదే 1640లో, అదే ఫ్రెనికల్‌కి. తాళం, తాళంచెవి రెండూ ఒకే మనిషి జేబులో ఒకే ఏడాది ఉన్నాయి.

641 నిజంగా భాగిస్తుందా అని పది అంకెల భాగహారం చేయక్కర్లేదు. పింగళుడి మెట్లు ఎక్కండి, ప్రతి మెట్టులో 641తో భాగించి శేషమే ఉంచుకోండి. 2, 4, 16, 256. తర్వాత 65536, దీంట్లోంచి 641×102 = 65382 తీసేస్తే 154. చివరి మెట్టు 154² = 23716, దీంట్లోంచి 641×36 = 23076 తీసేస్తే 640. 2³² శేషం 640 అయితే 2³²+1 శేషం 641, అంటే సున్నా. బస్ టికెట్ వెనకాల పట్టే లెక్క.

ఇంకా పొట్టి రుజువు ఉంది. 641ని రెండు రకాలుగా రాయొచ్చు: 5×2⁷ + 1, మళ్ళీ 5⁴ + 2⁴. మొదటిదాని ప్రకారం 5×2⁷ శేషం −1. నాలుగో ఘాతానికి ఎక్కిస్తే 5⁴×2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³² శేషం 1, అంటే 2³² శేషం −1. అంతే. చాలామంది ఈ రుజువునే మెచ్చుకుంటారు. నాకు మాత్రం 154 దారే ఇష్టం. ఇది చదివితే ఒప్పుకుంటాం, అది చేస్తే నమ్ముతాం.

రెండో ముక్క సంగతి? 6700417 ఇంకా విరుగుతుందా? దీన్ని భాగించే ప్రధానం మన సంఖ్యనీ భాగించాలి, కాబట్టి అదీ 128 గుణిజానికి ఒకటి ఎక్కువే. వర్గమూలం 2588 చిల్లర. ఆ లోపల అలాంటి ప్రధానాలు 257, 641, 769, 1153, 1409. 257 ఎలాగూ కుదరదు. మిగతా నాలుగింటితో భాగిస్తే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. కాబట్టి 6700417 ప్రధానం. ఏడంకెల సంఖ్య ప్రధానమని నాలుగు భాగహారాలతో తేలిపోయింది. 1804లో పుట్టిన అమెరికన్ బాలమేధావి జెరా కోల్బర్న్ లండన్ ప్రదర్శనల్లో ఈ రెండు కారణాంకాలనీ నోటితోనే చెప్పాడంటారు. మనకి కాగితం ఉంటే చాలు.

ఏ గూట్లో పెట్టాలి

ఇప్పుడు వర్గీకరణ త్వరగా ముగించేద్దాం, ఇది సుళువు. బేసి, సంయుక్త సంఖ్య. సరిగ్గా రెండు ప్రధానాల లబ్ధం కాబట్టి సెమీప్రైమ్. ఏ వర్గమూ (1 తప్ప) దీన్ని భాగించదు. భాజకాలు నాలుగే: 1, 641, 6700417, తను. తనని వదిలి మిగతావి కూడితే 6701059, తనలో ఆరువందలో వంతు కూడా లేదు, కాబట్టి న్యూన సంఖ్య. 6 లాంటి పరిపూర్ణ సంఖ్యల దరిదాపుల్లోకి కూడా రాదు. దీనితో ఉమ్మడి కారణాంకం లేకుండా దీనికన్నా చిన్నగా ఉన్న సంఖ్యలు 640×6700416 = 4288266240.

దీనికన్నా దీని పక్కింటి సంఖ్య ఎక్కువ ఆసక్తికరం. రెండు తక్కువగా ఉన్నది 4294967295, అన్‌సైన్డ్ ఇంట్ గరిష్ఠం. కారణాంకాలు చూడండి: 3×5×17×257×65537. ఫెర్మా వరుసలో మొదటి ఐదింటి లబ్ధం! 2³²−1ని (2¹⁶+1)(2¹⁶−1) అని, మళ్ళీ 2¹⁶−1ని అలాగే విడగొట్టుకుంటూ పోతే ఇది వచ్చేస్తుంది. 257 మన సంఖ్యని ఎందుకు భాగించలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. 257 దాని కింది సంఖ్యని భాగిస్తోంది, రెండింటి మధ్య తేడా 2 మాత్రమే, కాబట్టి మన సంఖ్యని 257తో భాగిస్తే ఎప్పుడూ 2 మిగులుతుంది.

స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగల క్రమ బహుభుజుల కథ కూడా ఇక్కడే కలుస్తుంది. 1796లో గౌస్ 18 ఏళ్ళ వయసులో 17 భుజాలది గీయొచ్చని చూపించారు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం అయి తీరాలి. తెలిసిన ప్రధానాలు ఐదే కాబట్టి అలాంటి బేసి బహుభుజులు 31 మాత్రమే, వాటిలో పెద్దది 4294967295 భుజాలది. హలాయుధుడి వ్యాఖ్యలో ఉన్న మేరు ప్రస్తారం (మన పుస్తకాల్లో పాస్కల్ త్రిభుజం) తీసుకుని, సరి సంఖ్య ఉన్న చోట 0, బేసి ఉన్న చోట 1 రాసి, ప్రతి వరుసనీ బైనరీగా చదవండి. 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257… పైనున్న ఒంటరి 1 తర్వాత వచ్చే 31 వరుసలూ సరిగ్గా ఆ 31 బహుభుజులే, చిన్న నుంచి పెద్ద క్రమంలో. ఆ తర్వాతి వరుసలో చివరలు తప్ప మిగతా అంతా సున్నాలు. దాని విలువ 4294967297. అక్కడ వరుస తెగిపోతుంది.

బ్రహ్మగుప్తుడి చెయ్యి కూడా ఇందులో ఉంది. మన సంఖ్య చూడగానే రెండు వర్గాల మొత్తం: 65536² + 1². కారణాంకాలు కూడా అలాంటివే: 641 = 25² + 4², 6700417 = 2556² + 409². రెండు వర్గాల మొత్తాలని గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే, అదీ రెండు రకాలుగా వస్తుందనే సూత్రం బ్రహ్మగుప్తుడి 7వ శతాబ్దపు భావనలో ఇమిడే ఉంది. ఇక్కడ ఒక రకం 65536² + 1², రెండోది 62264² + 20449². ఒక బేసి సంఖ్య ఇలా రెండు వేర్వేరు రకాలుగా వచ్చిందంటే అది ప్రధానం కాదు, ఇది ఆయిలర్ బాగా వాడిన అస్త్రం. పైగా కారణాంకం కూడా బయటికొస్తుంది. 65536−62264 = 3272, 20449−1 = 20448. రెండింటి గసాభా 8. 8తో భాగిస్తే 409, 2556. వర్గాలు చేసి కూడితే 6700417. చేతిలో పెట్టేసింది! 20449 స్వయంగా 143² అన్నది మాత్రం కాకతాళీయమేనని నా అభిప్రాయం.

దొంగ ప్రధానం

ఇంతవరకు సరదా. ఇక్కడి నుంచి విషయం సీరియస్, ఎందుకంటే మన ఫోన్ల తాళాలు దీని మీదే ఉన్నాయి.

ఆర్‌ఎస్‌ఏ తాళానికి వందల అంకెల ప్రధానాలు రెండు కావాలి. అంత పెద్దవాటికి భాగహారాలు చేస్తూ కూర్చోలేం. చేసేది ఇది: ఒక బేసి సంఖ్య న తీసుకుని, 2ని న−1 ఘాతానికి ఎక్కించి న తో భాగిస్తాం. న ప్రధానమైతే చిన్న సిద్ధాంతం ప్రకారం శేషం 1 రావాలి. రాకపోతే న సంయుక్తం, ఇక మాట్లాడేది లేదు. వస్తే? "బహుశా ప్రధానం" అనుకుంటాం. ఆ బహుశా దగ్గరే ప్రమాదం.

మన సంఖ్యకి ఈ పరీక్ష పెడదాం. న−1 అంటే 2³². 2ని 32వ ఘాతానికి ఎక్కిస్తే శేషం −1, 64వ ఘాతానికి 1. 2³² 64కి గుణిజమే కదా, కాబట్టి 2ని 2³² ఘాతానికి ఎక్కించినా శేషం 1. పాస్! 641 కడుపులో పెట్టుకుని కూడా పాస్. ఇలాంటివాటిని సూడోప్రైమ్ అంటారు, మనం దొంగ ప్రధానం అందాం. ఇంకా గట్టి పరీక్ష మిల్లర్-రాబిన్ కూడా 2తో ఒక్కసారే పెడితే దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే దారిలో −1 కనిపిస్తే ఆ పరీక్ష సంతృప్తి పడుతుంది, ఇక్కడ −1 పుట్టుకతోనే ఉంది. ఇది ఈ ఒక్క సంఖ్య దోషం కాదు. ఫెర్మా వరుసలో ప్రతి సంఖ్యా, విరిగేదైనా విరగనిదైనా, 2 పరీక్షలో పాసవుతుంది. ఫెర్మా గనక తన సిద్ధాంతాన్ని 2తో పరీక్షగా వాడి ఉంటే, అది ఆయన్ని ఇంకా తప్పుదారే పట్టించేది.

3తో పెట్టి ఉంటే? 3ని 32సార్లు వరుసగా వర్గం చేస్తూ శేషాలు తీసుకుంటూ పోతే చివర 1 రావాలి. వచ్చేది 3029026160. దొరికిపోయింది. పది అంకెల సంఖ్యల వర్గాలు 32 చేయడం కాగితం మీద ఒక రోజు పని, అంతకన్నా ఎక్కువ కాదు. కారణాంకం ఏదో ఈ పరీక్ష చెప్పదు, సంయుక్తమని మాత్రం కచ్చితంగా చెబుతుంది. 1877లో పెపాన్ ఫెర్మా సంఖ్యలకి పెట్టే ఇలాంటి పరీక్ష రెండు వైపులా కచ్చితమని చూపించారు. పాసైతే ప్రధానమే, ఫెయిలైతే సంయుక్తమే, బహుశా లేదు.

కోడింగ్ కాంటెస్టులు రాసేవాళ్ళు మూడు సంఖ్యలు నోట్ చేసుకోండి: 2, 7, 61. ఈ మూడింటితో మిల్లర్-రాబిన్ పెడితే 4759123141 లోపు ఏ సంయుక్తమూ తప్పించుకోలేదు, మన 4294967297తో సహా. ఒక్క 2తో ఆపేసి కోడ్ సబ్మిట్ చేసినవాళ్ళకి ఈ సంఖ్య ఒక టెస్ట్‌కేస్‌గా ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

అదే వరుసలోని 65537 మాత్రం ఆర్‌ఎస్‌ఏలో మర్యాదగా ఉద్యోగం చేస్తోంది. చాలా పబ్లిక్ కీలలో ఘాతం అదే. కారణం బైనరీలో అది రెండే 1లు. పింగళుడి లెక్కన 16 వర్గాలు, ఒక్క గుణకారం, పని అయిపోయింది.

ఫెర్మా వరుస తర్వాత ఏమైంది? 65537 దాటాక ఒక్క ప్రధానం కూడా ఇప్పటిదాకా దొరకలేదు. ఘాతం 32 నుంచి మొదలుపెట్టి 64, 128 అంటూ 2³² దాకా ఉన్న 28 సంఖ్యలూ సంయుక్తాలే అని తేలింది. 2¹⁶³⁸⁴+1 సంగతి చిత్రం. 4933 అంకెలున్న ఆ సంఖ్య సంయుక్తమని 1960ల్లోనే తెలిసింది, కానీ దాని మొదటి కారణాంకం దొరికింది 2010లో. సుమారు యాభై ఏళ్ళు "విరుగుతుందని తెలుసు, ఎక్కడో తెలీదు" అనే స్థితి. ఇక ఘాతం 2³³ ఉన్న సంఖ్యకి దాదాపు 258 కోట్ల అంకెలు. అది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.

చేతికి పని కావాలన్నవాళ్ళకి వరుసలో తర్వాతది, 2⁶⁴+1 = 18446744073709551617. దీన్ని 1880లో లాండ్రీ విరిచారు, చిన్న కారణాంకం 274177. ల్యూకాస్ నియమం ప్రకారం ఇది 256 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉండాలి: 256×1071 + 1, సరిపోయింది. ఇప్పుడు మెట్లు ఎక్కండి. 65536 దాకా మామూలే. 65536²ని 274177తో భాగిస్తే శేషం 258768, దాన్ని −15409 అని రాసుకుంటే లెక్క తేలిక. ఇంకొక్క మెట్టు మిగిలింది: 15409ని వర్గం చేసి, 274177×866తో పోల్చి చూడండి.